మసి హెచ్చరాదు, తగ్గరాదు

కరహోవ్ ఊరివాళ్లు రోడ్డు కావాలని అర్జీ పెట్టుకుంటే, బోర్డు వచ్చింది.

ఆర్మీనియా దేశానికి ఉత్తరపు అంచున, ఏటి ఒడ్డున, నలభై ఒక్క గడప ఉన్న ఊరది. ఏటికి అవతల వేరే దేశం. ఇవతలి కోడి కూస్తే అవతలివాళ్లు నిద్ర లేస్తారు; దానికి ఇంతవరకు ఏ ప్రభుత్వమూ అభ్యంతరం చెప్పలేదు. పెద్ద రోడ్డు నుంచి ఊళ్లోకి ఆరు కిలోమీటర్ల మట్టిబాట. వాన పడితే బాట కూడా ఏరవుతుంది. మంచు పడితే, కింద బాట ఉందని నమ్మి నడవాల్సిందే.

వారసత్వ గ్రామంగా గుర్తింపు వస్తే పర్యాటకుల బస్సుల కోసం రోడ్డు వేస్తారని ఊరిపెద్ద రజ్మిక్ ఎక్కడో విని, ఒక ఫారం పట్టుకొచ్చాడు. తీరా చూస్తే వారసత్వమని చూపించుకోవడానికి ఊళ్లో ఏమీ లేదు. పాత చర్చి పక్క ఊరిది. చెక్కిన శిలువ రాయి ఒకటి ఉండేది గాని, పూర్వం సరిహద్దు గీసినవాళ్ల చెయ్యి కాస్త వణకడంతో అది అవతలి దేశపు గొర్రెల దొడ్లో పడింది. గొర్రెలు దానికి వీపు గోక్కుంటాయి. ఇక మిగిలింది ఊరుమ్మడి రొట్టెల పొయ్యి.

దాన్ని వాళ్లు తోనిర్ అంటారు. తందూరు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నడుము లోతున భూమిలోకి దించిన మట్టి బాన. అడుగున పిడకలూ ద్రాక్షపుల్లలూ మండించి, నిప్పు కణకణలాడేటప్పుడు, పలచగా సాగదీసిన పిండిని లోపలి గోడకు చరుస్తారు. నిమిషంలో లవాష్ తయారు. తుండుగుడ్డంత పొడవు, పలచదనంలో మన పూతరేకుకు దూరపు చుట్టం. ఎండబెట్టి దొంతులుగా పేర్చుకుంటే నెలల తరబడి ఉంటుంది. తినేముందు నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తే మళ్లీ మెత్తబడుతుంది.

ఫారంలో "కట్టడం వయసు" అన్న గడి దగ్గర రజ్మిక్ ఆగాడు.

"ఎంతని రాయను పెద్దమ్మా?" అని పెప్రోన్‌ని అడిగాడు. ఊళ్లో రొట్టెల పని ఆమె చేతి మీదుగా నడుస్తుంది. డెబ్బై దాటాయి.

"మా అమ్మమ్మకి అమ్మమ్మ కూడా ఇందులోనే కాల్చింది. ఎనిమిది వందల ఏళ్లు రాసుకో. తక్కువ రాస్తే పొయ్యి నొచ్చుకుంటుంది."

ఇది అబద్ధం కాదు. ముప్ఫయ్యేళ్లకో నలభయ్యేళ్లకో పొయ్యి అరిగిపోతే ఆ ఊళ్లో దాన్ని పగలగొట్టి, ఆ పెంకుల పొడినీ బూడిదనూ కొత్తమట్టిలో కలిపి, అదే గోతిలో మళ్లీ కడతారు. పాతదాని ఆఖరి నిప్పుతోనే కొత్తది వెలిగిస్తారు. తాత పోయి మనవడు పుట్టినా ఇంటిపేరు మారనట్టు, వాళ్ల లెక్కలో పొయ్యి ఎప్పుడూ ఒక్కటే.

ఈ మధ్య దాన్ని కట్టినవాడు కుమ్మరి మెలిక్‌సెత్. ఆ మాటకు ముప్ఫయ్యొక్కేళ్లు. మేకవెంట్రుకలు కలిపిన మట్టిని మూడు రోజులు తొక్కింది అతని భార్య సాతెనిక్. ఆమె పోయి నాలుగు చలికాలాలైంది. మెలిక్‌సెత్‌కి ఇప్పుడు అరవై నాలుగు. ఒక్కతే కూతురు, అరేవిక్. ఆమె పెళ్లి ఊళ్లోనే పైవీధి కుర్రాడితో, అక్టోబరు ఆఖరి శనివారానికి నిశ్చయమైంది.

ఫారం పోయిన నెలకు వారసత్వ శాఖ నుంచి డాక్టర్ ఆర్షావిర్ వచ్చాడు. తెల్లని చేతితొడుగులు, భూతద్దం, ఎండకు కందిన ముక్కు. పొయ్యి పక్కన బోర్లా పడుకుని తల లోపలికి పెట్టాడు.

"అద్భుతం! మసి పొరలు పదకొండు!" అన్న మాట బానలోంచి బొంగురుగా వినిపించింది.

"పొరలూ లేవు, పాడూ లేదు నాయనా. పోయిన వారం పుల్లలు పచ్చివి. పొగ పట్టింది," అంది పెప్రోన్.

ఆర్షావిర్ తల బయటికి తీసి, "స్థానికులకు తమ వారసత్వం విలువ తెలియదు" అని పుస్తకంలో రాసుకుని, మళ్లీ తల లోపలికి పెట్టాడు.

"ఇదేమిటి! ఐదు వేళ్ల ముద్ర! ఎడమ చెయ్యి, స్త్రీది. నిస్సందేహంగా పూజారిణి అయి ఉండాలి. పంట దేవతకు చేసిన ప్రమాణం!"

మెలిక్‌సెత్‌ ఒక అడుగు ముందుకు వేశాడు. పచ్చిమట్టి మీద కాలు జారి పడబోయి సాతెనిక్ ఆనుకున్న చెయ్యి అది. "చెరిపేయనా?" అని అతనడిగితే, "ఉండనీ, నీ రొట్టె మాడకుండా ఓ చెయ్యేసి ఉంచుతాను" అందామె నవ్వుతూ. చెబుదామని అతను నోరు తెరిచేసరికి రజ్మిక్ అతని కాలు తొక్కాడు.

"రోడ్డు, బాబాయ్. రోడ్డు."

మెలిక్‌సెత్ నోరు మూసుకున్నాడు. పూజారిణి అన్న మాట వింటే సాతెనిక్ వారం రోజులు నవ్వేది. అందుకని కూడా ఊరుకున్నాడు.

ఆగస్టులో బోర్డు దిగింది. దాని చుట్టూ ఇనుప కంచె, కంచెకు తాళం.

"మొదటి తరగతి వారసత్వ కట్టడం, పదమూడవ శతాబ్దం. తాకరాదు. ఊదరాదు. వెలిగించరాదు. లోపలి మసి హెచ్చరాదు, తగ్గరాదు."

"వెలిగించకూడదంటే పొయ్యిని ఏం చేసుకోవాలయ్యా?" అంది పెప్రోన్.

"దర్శించాలి," అన్నాడు ఆర్షావిర్.

నలభై ఒక్క ఇళ్లవాళ్లూ వరసకట్టి ఆకలితో పొయ్యిని దర్శించారు. ఆ తర్వాతి వారం రోడ్డు వేయడానికి యంత్రం వచ్చింది. డ్రైవరు బోర్డు కింద చిన్న అక్షరాలు కూడా చదివాడు. పొయ్యి చుట్టూ ఐదువందల మీటర్ల మేర గడ్డపార కూడా దించరాదని అందులో ఉంది. యంత్రం వచ్చిన దారినే, రెండుచోట్ల దిగబడుతూ, వెనక్కి పోయింది. పట్నం బేకరీ వ్యాను రోడ్డు వేస్తేనే వస్తానంది.

మెలిక్‌సెత్ దిగులు వేరు. ఆ ఊళ్లో కోడలు అత్తవారి గడప దాటేముందు భుజాల మీద లవాష్ కప్పుతారు, అటొకటి, ఇటొకటి. అది పుట్టింటివాళ్ల పొయ్యిలో కాలింది కావాలి.

"అమ్మ తొక్కిన మట్టి ఇక్కడుండగా, నేను పట్నం రొట్టె కప్పుకోను నాన్నా," అంది అరేవిక్. "తాళం తీసిందాకా పెళ్లి ఆపుదాం."

"తాళం తీసిందాకా అంటే నీకు నా వయసు వస్తుందే తల్లీ."

"రానీ. అతను ఆగుతానన్నాడు."

అతను ఆగినా పొయ్యి ఆగదు. ఆ సంగతి కుమ్మరికి తెలుసు. నిప్పు పడని పొయ్యి నేలలోని చెమ్మ పీలుస్తుంది. తొలిమంచుకు ఆ చెమ్మ గడ్డకడుతుంది. వేసవికి లోపల పెంకులు ఏరుకోవడమే. కాపాడటం వల్లే పాడైన పొయ్యి అవుతుంది.

నిజం చెప్పేద్దామని మెలిక్‌సెత్ జిల్లా కేంద్రానికి బయలుదేరాడు. వారసత్వ శాఖ ఉపసంచాలకురాలు శ్రీమతి జబేల్. కళ్లద్దాల గొలుసు మెడలో, కాగితాల దొంతి ముందు.

"అమ్మా, ఆ పొయ్యి కట్టింది నేనే."

"ఎప్పుడు?"

"ముప్ఫయ్యొక్కేళ్ల కిందట."

"పదమూడవ శతాబ్దపు కట్టడాన్ని, ముప్ఫయ్యొక్కేళ్ల కిందట, మీరు కట్టారు."

"అవునమ్మా. అంతకు ముందు మా మేనమామ కట్టాడు. అంతకు ముందు ఆయన తండ్రి."

"పొయ్యి ఒక్కటేనా, మూడా?"

"ఒక్కటే."

ఆమె కాసేపు కలం కొరికింది. "నిర్మాణ అనుమతి పత్రం తెచ్చారా? రక్షిత ప్రాంతంలో అనుమతి లేని నిర్మాణం శిక్షార్హం."

"అప్పటికది రక్షిత ప్రాంతం కాదు కదమ్మా?"

"పదమూడవ శతాబ్దం నుంచీ రక్షించదగినదేనని నిపుణుల నివేదిక. మీ విన్నపం సంఘానికి నివేదిస్తాను."

సంఘం మూడు సమావేశాలు జరిపి ఒక నిర్ణయానికి వచ్చింది. మెలిక్‌సెత్ చెప్పిన పద్ధతి అచ్చంగా పదమూడవ శతాబ్దపు పద్ధతి. కాబట్టి పొయ్యి అతను కట్టకపోతే పొయ్యి పురాతనం. అతనే కట్టి ఉంటే అతనే పురాతనం. రెండు విధాలా వారసత్వానికి లోటు లేదు. పొయ్యి మీది ఆంక్షలు యథాతథం. అదనంగా అతనికి బంగారు అంచు ధ్రువపత్రం వచ్చింది: "సజీవ వారసత్వ వాహకుడు, మొదటి తరగతి." వెనక షరతులు. వాహకుడు ముందస్తు సమాచారం లేకుండా జిల్లా దాటరాదు. ఫోటోలో ఉన్న రూపాన్ని మార్చరాదు. నైపుణ్యం అరిగిపోకుండా, దాన్ని వాడరాదు.

మీసం కత్తిరించడానికి ఊరి మంగలి ఒప్పుకోలేదు. "నాకెందుకొచ్చిన గొడవ అన్నా, నువ్విప్పుడు కట్టడానివి," అన్నాడు.

పెప్రోన్ ధ్రువపత్రాన్ని వెలుతురులో పెట్టి చూసింది. ఆమె మెలిక్‌సెత్ అన్నభార్య. మరిదిని ఆటపట్టించడం ఆమె హక్కు.

"ఇంకేం మరిదీ! నిన్నూ ఎవరూ ఊదకూడదు. కంచె ఎప్పుడొస్తుంది?"

"నవ్వకు వదినా. పెళ్లికి ఆరువారాలే ఉంది."

"నవ్వక ఏడవమంటావా? ఏడిస్తే చెమ్మ. చెమ్మ తగిలితే పొయ్యి పాడు."

ఉమ్మడి పొయ్యిని వదిలేసి, దాని బూడిద పిడికెడు అడిగి తెచ్చుకుని, పెరట్లో చిన్నది కడదామనుకున్నాడు మెలిక్‌సెత్. మొదటి గడ్డపార వేటుకే ఆర్షావిర్ ప్రత్యక్షమయ్యాడు. బూడిద ఇవ్వడానికి వీల్లేదు, అది పురావస్తువు. తవ్వడానికీ వీల్లేదు. మ్యాపు విప్పి చూపించాడు. పొయ్యి నడిమధ్యన పెట్టి గీసిన ఎర్రటి గుండ్రంలో ఊరంతా ఉంది. కొంత ఏరు కూడా ఉంది. ఏటి అవతల రెండు వందల అడుగుల పొరుగుదేశమూ ఉంది.

మూడోనాడు సరిహద్దు కాపలా అధికారి జీపులో వచ్చాడు.

"మీ పొయ్యి సరిహద్దు దాటింది," అన్నాడు రజ్మిక్‌తో.

"పొయ్యి అక్కడే ఉందండీ. దాని గౌరవం దాటింది."

"గౌరవానికైనా పాసు ఉండాలి."

సంగతి అవతలివాళ్లకు తెలిసింది. వాళ్లకూ ఒక వారసత్వ శాఖ ఉంది. గొర్రెల దొడ్లోని శిలువ రాయిని మొదటి తరగతి కట్టడంగా ప్రకటించి, తామూ ఒక గుండ్రం గీశారు, ఈసారి నీలం రంగులో. అది ఏరు దాటి ఇటొచ్చింది. దాంతో రజ్మిక్ ఇంటి కోళ్లగూడు రెండు దేశాల వారసత్వంలో పడింది. గుడ్డు తీయాలంటే ఏ శాఖను అడగాలో తెలియక అతని భార్య రెండురోజులు గూటి ముందు నిలబడింది. మూడోరోజు ఎవరినీ అడగకుండా తీసి ఆమ్లెట్ వేసింది.

అక్టోబరు వానలు మొదలయ్యాయి. ఒక ఉదయం మెలిక్‌సెత్ కంచె మీంచి వంగి చూస్తే, పొయ్యి లోపలి గోడ మీద వెంట్రుక మందాన, జానెడు పొడవున పగులు. కంచె సందులోంచి చెయ్యి చాపాడు, అందలేదు. ఆర్షావిర్ వచ్చి పగులును కొలిచి, పక్కన ఎర్రరంగుతో అంకె వేశాడు. "పగులు సంఖ్య ఒకటి. దీన్ని పూడ్చరాదు, పెంచరాదు."

"పెంచరాదని దానికి ఎవరు చెబుతారండీ?"

"ఇంకో బోర్డు పెడతాం," అన్నాడు ఆర్షావిర్. పాపం, అతని మాటలో వెటకారం లేదు.

మెలిక్‌సెత్ మళ్లీ జిల్లా కేంద్రానికి వెళ్లాడు. ఈసారి చెప్పడానికేమీ మిగల్లేదు. జులైలో కాల్చిన ఎండు లవాష్‌లో ఆఖరి రెండు, దారిలో తినడానికి గుడ్డలో చుట్టుకున్నాడు. మధ్యాహ్నం వేళ. జబేల్ ఒక్కతే బల్ల ముందు కూర్చుని, రాయిలాంటి బన్నును టీలో ముంచి తింటోంది. తింటూ ఎవరికీ పట్టుబడకూడదన్నట్టు గబుక్కున దాన్ని కాగితం కింద పెట్టింది.

"తినండమ్మా. నేనూ తినాల్సినవాణ్నే."

బల్ల మీది గ్లాసులో వేళ్లు ముంచి రొట్టె మీద నీళ్లు చిలకరించాడు. గుడ్డ కప్పి కాసేపు ఆగాడు. ఇద్దరూ ఆ గుడ్డ వంక చూస్తూ కూర్చున్నారు. విప్పేసరికి రొట్టె పట్టుచీర మడతలా మెత్తబడింది. సగం చింపి ఆమెకిచ్చాడు. ఆమె తింది. ఇంకో ముక్క తనే చింపుకుంది.

"మా అమ్మమ్మగారి ఊళ్లో కూడా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది. మళ్లీ ఉపసంచాలకురాలి గొంతు వచ్చింది.

"మెలిక్‌సెత్‌గారూ, దస్త్రంలో ఆ కట్టడాన్ని పొయ్యి అని పేర్కొన్నాం. అది పొయ్యేనని ఎవరైనా నిర్ధారించారా?"

"పొయ్యి కాకపోతే మరేమిటమ్మా?"

"ధాన్యం పాతర కావచ్చు. బావి కావచ్చు. ఏ విధమైన పరీక్షా లేకుండా పొయ్యి అని రాయడం శాఖాపరమైన లోపం. 'వినియోగ నిర్ధారణ పరీక్ష' కోరుతూ దరఖాస్తు పెట్టండి. రాసుకోండి."

అతను రాసుకున్నాడు. తగినంత ఉష్ణోగ్రత. తగినన్ని గంటలు. పిండి, నీరు, ఉప్పుతో కూడిన నమూనాలు. పరీక్షకు ఆటంకమయ్యే లోపాలుంటే వాహకుడు ముందుగా సవరించుకోవచ్చు.

"నమూనాలు ఎన్ని?" అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు. "పెళ్లికి ఎంతమంది వస్తున్నారు?"

"రెండు వందల యాభై."

"శాస్త్రీయంగా సరిపోతుంది."

పరీక్ష అక్టోబరు ఆఖరి శనివారం ఉదయానికి ఖరారైంది. మూడు రోజుల ముందే కంచె తాళం తీయించుకుని మెలిక్‌సెత్ పాత బూడిద కలిపిన మట్టితో పగులు సవరించాడు. సాతెనిక్ చేతిముద్ర పక్కనుంచి బొటనవేలితో మట్టి అదుముతూ, ఆమెకు పెళ్లి కబుర్లన్నీ చెప్పాడు. చుట్టూ ఎవరూ లేరు గాబట్టి కొన్ని కబుర్లు రెండుసార్లు చెప్పాడు.

శనివారం పొద్దున ఆర్షావిర్ ఉష్ణమాపకంతో, చీటీల కట్టతో, చేతితొడుగులతో వచ్చాడు. ఆడవాళ్ల భుజాల మీద కాగితపు బిళ్లలు కనిపించాయి: "సహాయ పరిశోధకురాలు". పెప్రోన్ బిళ్ల మీద "ప్రధాన" అని ఉంది. అది ఆమే రాసుకుంది.

నిప్పు రాజుకుంది. ఒకామె పిండి ఒత్తితే, ఇంకొకామె చేతుల మీద ఎగరేసి సాగదీసింది. పెప్రోన్ దాన్ని గడ్డి దిండు మీద పరిచి, పొయ్యిలోకి వంగి, గోడకు ఫటీమని చరిచింది.

"నమూనా ఒకటి!" అని ఆర్షావిర్ చీటీ అంటించాడు. "నమూనా రెండు! అమ్మా, కాస్త నెమ్మది. ఉష్ణోగ్రత చూసుకోవాలి."

"నువ్వు చూసుకుంటూ ఉండు నాయనా, ఇక్కడ మాడుతుంది."

ఇరవయ్యో నమూనా దగ్గర లెక్క తప్పింది. ముప్ఫయ్యో నమూనా దగ్గర ఉష్ణమాపకం నిప్పుల్లో పడి టప్పుమంది. కాకెక్కిన గోడ తెల్లగా మెరుస్తుంటే ఆర్షావిర్ లోపలికి తొంగిచూసి కెవ్వుమన్నాడు.

"మసి! మసి లేదు! కాలిపోయింది!"

"సాయంత్రానికి పొగపెట్టి నీకెన్ని పొరలు కావాలో అన్ని పెడతాలే. ముందిది పట్టుకో," అని పెప్రోన్ అతని చేతుల్లో రొట్టెల తట్ట పెట్టింది. "ఏం చూస్తావ్? తినకుండా ఏం నిర్ధారిస్తావయ్యా?"

వేడి రొట్టెలో చీజ్, తోటలోని ఆకుకూర పెట్టి చుట్టి ఇచ్చింది. ఆర్షావిర్ అటూ ఇటూ చూశాడు. చేతితొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ పూట అతను మళ్లీ వాటిని తొడుక్కోలేదు. అంకెలు కూడా వేయలేదు.

మధ్యాహ్నం పైవీధిలో, కొత్త గడప ముందు అరేవిక్ నిలబడింది. అత్తగారు ఆమె భుజాల మీద రెండు లవాష్‌లు కప్పింది. ఒకదానికి "నమూనా 1" అన్న చీటీ, రెండోదానికి "నమూనా 2". చీటీ తీసేయబోతే అరేవిక్ వద్దంది. "ఉండనీ అత్తమ్మా. ప్రభుత్వం పరీక్షించి ఇచ్చిన కోడల్ని." జనం గొల్లుమన్నారు. మెలిక్‌సెత్ నవ్వలేకపోయాడు, ఏడవనూ లేకపోయాడు. పక్కనున్నవాడు తన భుజం మీద చెయ్యివేస్తే ఎవరా అని చూశాడు. ఆర్షావిర్. మీసానికి పిండి అంటుకుని ఉంది.

పది రోజులకు నివేదిక వచ్చింది. రజ్మిక్ ఊరందరి ముందూ గొంతు సవరించుకుని చదివాడు.

"పరీక్షా ఫలితముగా, సదరు కట్టడము పొయ్యి అయి ఉండవచ్చుననుటకు బలమైన ప్రాథమిక ఆధారములు లభించినవి. అయితే రెండు వందల యాభై నమూనాలలో ఒక్కటియు విశ్లేషణ నిమిత్తము మిగలనందున, తుది నిర్ధారణకు వచ్చుట సాధ్యపడలేదు. కావున నమూనాలు మిగులునంత వరకు ప్రతి శుక్రవారమును పరీక్ష కొనసాగించవలసినదిగా ఆదేశించడమైనది."

కింద జబేల్ సంతకం. సంతకం కింద చేత్తో రాసిన వాక్యం ఒకటి: "వచ్చే శుక్రవారం పరిశీలకురాలిగా నేనూ వస్తున్నాను. చీజ్ నేను తెస్తాను."

రజ్మిక్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నమూనాలు మిగిలేదాకానా?" అంది పెప్రోన్. "ఈ ఊళ్లో వేడి రొట్టె మిగలడం నువ్వెప్పుడైనా చూశావా మరిదీ?"

మెలిక్‌సెత్ కాస్త ఆలోచించాడు. వాహకుడు గాబట్టి జాగ్రత్తగా జవాబు చెప్పాలి.

"చూడలేదు వదినా," అన్నాడు. లేచి, పిడకలు ఎండాయో లేదో చూడ్డానికి వెళ్లాడు.